పట్వా వేరు, పట్వారీ వేరు

ప్రశ్న: జైసల్మేర్ మీద వ్యాసం తెలుగు చేస్తున్నాం. అక్కడి ‘పట్వోఁ కీ హవేలీ’ని ‘పట్వారీల మేడ’ అనవచ్చా?

జవాబు: వద్దండీ. తెలంగాణలో పట్వారీ అనగానే పహాణీ, శిస్తు లెక్కలే గుర్తొస్తాయి. పట్వా చేతిలో ఉండేది దస్తరం కాదు, దారం. పట్టు, నూలు పోగులకు పురిపెట్టి, పైన జరీ చుట్టి, పూసలూ నగలూ గుచ్చి, కుచ్చులు కట్టేవాడు పట్వా. పోగుల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని బిగువు నిలుపుతాడు. అది సడలిందా, జరీ చుట్ల మధ్య లోపలి దారం బయటపడుతుంది.

ఈ హవేలీలకు మూలపురుషుడు గుమాన్‌చంద్ పట్వా ఓస్వాల్ అనే వర్తక కులపు జైనుడు. జరీ, వెండి బంగారు దారాల వ్యాపారం, దాని వెంట వడ్డీ వ్యాపారం. ఒంటెల బిడారులు సింధు వైపు సాగిన కాలం అది. 1805లో మొదటి హవేలీ మొదలైంది. ఐదుగురు కొడుకులకు ఐదు, అన్నీ పసుపుపచ్చ ఇసుకరాతివే. ఎంత గడించినా ఇంటిపేరు మాత్రం దారపు పనిదే.

మరో జవాబు: ఈ తికమక ఊరికే రాలేదు. సంస్కృత ‘పట్ట’కు పట్టుబట్ట అనీ, పలక, శాసనం అనీ అర్థాలున్నాయి. మొదటి అర్థంలోంచి మన పట్టు, వాళ్ల పట్వా. రెండో దాంట్లోంచి పట్టా, పట్వారీ. ‘పట్టుకొను’లోని పట్టు ద్రావిడ ధాతువు, వీటికి చుట్టం కాదు. ‘దారం పట్టుకునేవాడే పట్వా’ అని దయచేసి అల్లకండి.

ప్రశ్న: ‘పట్వోన్ కి హవేలి’ అని కూడా రాస్తున్నారే?

జవాబు: ఇంగ్లిష్ అక్షరాల్లోని ‘ఎన్’ చూసి చేసే తప్పు. హిందీలో పట్వా ఏకవచనం, బహువచనంలో విభక్తి ముందు ‘పట్వోఁ’ అవుతుంది. చివరిది ముక్కుతో పలికే అచ్చు. మన నిండుసున్నా పెడితే ‘పట్వోమ్’ అని చదువుతారు, అందుకే ఇక్కడ అరసున్న పనికొస్తుంది. హవేలీ స్త్రీలింగం కాబట్టి ‘కీ’, దీర్ఘంతోనే. ‘పట్వోన్ల హవేలీ’ అంటే బహువచనం మీద మళ్లీ బహువచనం. తెలుగులో ‘పట్వాల హవేలీ’ చాలు.

‘మేడ’ కూడా వద్దు. అంతస్తులు తెలుస్తాయి గానీ నడిమి చౌక్ (ఇంటి మధ్య ఆరుబయలు) పోతుంది. మండువా లోగిలి అందామంటే పెంకులూ, చూరునీళ్లూ కళ్ల ముందుకొస్తాయి. హవేలీని హవేలీగానే ఉంచండి.