‘చూద్దాం’ అన్న మాటలో లోపలి మాటను ఎట్లా పట్టుకోవాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
నేను ఒక బ్యాంకులో పంట రుణాల పని చూస్తాను. బాకీల కోసం ఊళ్లకు వెళ్లినప్పుడు రైతులు “పత్తి అమ్మినంక సూద్దాం తీయండి సార్” అంటారు. ఆ మాట అన్నవారిలోనే కొందరు వారం తిరక్కుండా వచ్చి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకుంటారు, మరికొందరు ఆ తరువాత ఫోనే ఎత్తరు. మాట ఒక్కటే అయినప్పుడు తేడాను దేంట్లో వెతకాలి?

సమాధానం:
ముందుగా, జవాబుకు ఎంతసేపు పట్టిందో గమనించండి. 2009లో పది భాషల సంభాషణలను పోల్చిన ఒక పరిశోధనలో ప్రశ్నకూ జవాబుకూ నడుమ వ్యవధి సగటున సెకనులో ఐదో వంతేనని, ఔననే జవాబు కంటే కాదనే జవాబు ఆలస్యంగా వస్తుందని తేలింది. ఆగి, తువ్వాలు దులుపుకొని, వానల సంగతి ఎత్తుకున్నారంటే ఈసారికి కుదరదని చెప్పినట్టే. “రెండో ఏరుడు అయినంక మిల్లుకు తోలుత, పైసలు పడంగనే వస్త” అన్నారంటే, ఆయన మనసులో లెక్క అప్పటికే వేసి పెట్టుకున్నారు.

సమాధానం (నల్గొండ, తెలుగు అధ్యాపకుడు):
దీన్ని మనవాళ్లు ఎప్పుడో చర్చించారు. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ఒక ప్రాకృత గాథను ఉదాహరిస్తాడు. అందులో ఒక స్త్రీ సన్యాసితో, నిన్ను బెదిరించే కుక్కను గోదావరి ఒడ్డున ఉండే సింహం చంపేసింది కాబట్టి ఇక నిశ్చింతగా తిరగమంటుంది. పైకి అది ఆహ్వానం. ధ్వనించేది మాత్రం ఇటు రావద్దని. ఎవరు, ఎవరితో, ఎక్కడ అంటున్నారో తెలియనిదే ఆ అర్థం దొరకదు. ఇంగ్లండు తత్వవేత్త గ్రైస్ 1967 ఉపన్యాసాలలో, అడిగినదానికి పొంతన లేని జవాబు వచ్చినప్పుడు వినేవాడు దాని వెనుక ఉద్దేశాన్ని ఊహించుకుంటాడని వివరించాడు.

సమాధానం (మహబూబ్‌నగర్):
ఇవన్నీ సరే గానీ, మీరు మాట్లాడేటప్పుడు అరుగు మీద ఇంకెవరు కూర్చున్నారో చూశారా? కొత్త వియ్యంకుని ముందు ఏ పెద్దమనిషీ చేతిలో పైసల్లేవని ఒప్పుకోడు. అక్కడ ‘చూద్దాం’ అంటే ఇప్పుడు అడగకండి అని మాత్రమే అర్థం. అదీగాక, తడబాటును ప్రతిసారీ ఎగవేత కింద కట్టడం అన్యాయం, ఎందుకంటే బ్యాంకు సారు వాకిట్లో నిలబడితేనే కొందరికి నోరు పెగలదు. బండి దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు, “ఈసారి కష్టమైతే చెప్పండి, ఏం చేయొచ్చో చూద్దాం” అని మీరే అనండి. కాదనడానికి దారి ఇచ్చిన తరువాత వచ్చే ‘కడతా’ను నేనైతే నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు:
వియ్యంకుని సంగతి నిజమే. మరి ఫోనులో అడిగినప్పుడు పక్కన ఎవరున్నారో తెలిసేదెట్లా?

మహబూబ్‌నగర్:
“ఇప్పుడు మాట్లాడొచ్చునా?” అని ముందే అడగండి.