2020-21 బూమ్‌లో కొన్న బాస్కెట్‌బాల్ కార్డులు: ఇంకా పట్టుకోవాలా, నష్టానికి వదిలేయాలా?

గోధూళి

అందరికీ నమస్తే. అమెరికాలో కార్డులు కొని అమ్మే లెక్క తెలిసినవాళ్లు చెప్పాలి. చేతిలో ఉన్న సరుకు ఇదీ (ప్రిజం, హూప్స్ పనీని కంపెనీ సెట్లు; బేస్ అంటే మామూలు రకం, రూకీ అంటే ఆటగాడి మొదటి సీజన్ కార్డు; పీఎస్‌ఏ కార్డులకి గ్రేడు వేసే సంస్థ, 10 దాని అత్యధిక గ్రేడు; స్లాబు అంటే గ్రేడు వేశాక కార్డుని సీల్ చేసే ప్లాస్టిక్ పెట్టె):

- 2019-20 ప్రిజం జయాన్ విలియమ్సన్ బేస్ రూకీ, పీఎస్‌ఏ 10: ఆరు స్లాబులు
- 2018-19 ప్రిజం లూకా డాంచిచ్ బేస్ రూకీ, పీఎస్‌ఏ 10: రెండు
- 2019-20 ప్రిజం జా మొరాంట్ బేస్ రూకీ, గ్రేడ్ చేయించనివి: పదిహేను
- 2020-21 హూప్స్ బ్లాస్టర్ బాక్సులు (దుకాణాల్లో అమ్మే కార్డు ప్యాకెట్ల పెట్టెలు), సీల్ తీయనివి: ఎనిమిది
- 1989 అప్పర్ డెక్ కెన్ గ్రిఫీ జూనియర్ (ఇదొక్కటీ బేస్‌బాల్ కార్డు), రా, అంటే గ్రేడ్ చేయించనిది: ఒకటి

అన్నీ 2020 చివర, 2021 మొదట్లో కొన్నవే. అప్పటి రేటుకీ ఇప్పటి రేటుకీ పొంతన లేదు. ఆ పాత ధరలు తిరిగొచ్చే అవకాశం ఉందా? మొరాంట్ కార్డులు గ్రేడింగ్‌కి పంపితే కొంతైనా తేరుకోవచ్చా? అమ్మి నష్టపోతే అది ట్యాక్సులో పనికొస్తుందా? "ఓపిక పట్టండి" అని కాకుండా లెక్కలతో చెప్పగలరు.

స్లాబ్ శాస్త్రి

గోధూళి గారూ, ఎంతకి కొన్నారన్నది కాసేపు పక్కన పెట్టండి. పీఎస్‌ఏ సైట్‌లో పాప్ రిపోర్ట్ (ఏ కార్డుకి ఏ గ్రేడు ఎన్నిటికి పడిందో చెప్పే జాబితా) తెరిచి ఒక్కో కార్డూ వెతకండి. జయాన్ 248వ నంబరు బేస్, లూకా 280వ నంబరు బేస్: ఈ రెండింటిలో ఒక్కోదానికీ పీఎస్‌ఏ 10లే పదివేలు దాటి చాలాకాలమైంది. తక్కువ గ్రేడులు, బయట ఉన్న రా కార్డులు దీనికి అదనం.

మీరు కొన్న రోజుల్లో ఈ సంఖ్య ఇంతలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది. 2020లో జనం దొరికిన ప్రతి రూకీనీ గ్రేడింగ్‌కి పంపారు. కుప్ప ఎంత పేరుకుందంటే 2021 మార్చి చివర్లో పీఎస్‌ఏ చవక సర్వీసులను ఆపేయాల్సి వచ్చింది. అంటే అప్పటి ధర మార్కెట్లోకి చేరిన కాసిని స్లాబులకు పలికిన ధర. మిగతావి క్యూలో ఇరుక్కుని ఉన్నాయి. క్యూ కదిలేకొద్దీ స్లాబులు వరదలా వచ్చిపడ్డాయి, అదే సమయానికి కొనేవాళ్లు పలచబడ్డారు. ఒకసారి స్లాబులోకి వెళ్లిన 10 మామూలుగా మాయమవదు కాబట్టి ఆ సంఖ్య పెరగడమే తప్ప పెద్దగా తరగదు.

జయాన్ విషయంలో చాలామంది గాయాలదే తప్పంటారు. 2021-22 సీజన్ మొత్తం ఆడలేదు, నిజమే. కానీ లూకాని చూడండి. 2020 నుంచి 2024 దాకా వరుసగా ఐదుసార్లు ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో (ఆ సీజన్‌లో ఉత్తమ ఐదుగురి జాబితా) ఉన్నాడు. ఆటగాడి మీద మీ అంచనా నూటికి నూరుపాళ్లు నిజమైంది, అయినా బేస్ పీఎస్‌ఏ 10 పాత శిఖరానికి చేరలేదు. ఈ రెండూ పక్కపక్కన పెడితే మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

గ్రిఫీ కార్డు ఇంకా పాత పాఠం. 1980ల చివరి నుంచి 1990ల మొదటి సగం దాకా లెక్కకు మించి అచ్చయిన సరుకుని హాబీలో జంక్ వ్యాక్స్ అంటారు. ఆ కార్డుకి పీఎస్‌ఏ 10లు నాలుగువేల పైచిలుకు ఉన్నాయి. మూలలు, సెంటరింగ్ (బొమ్మ చుట్టూ అంచులు సమానంగా ఉండటం) నిఖార్సుగా ఉంటే తప్ప రా కార్డుకి గ్రేడింగ్ ఫీజు దండగ. అలా ఉంచేసుకోండి, చూడ్డానికి బాగుంటుంది.

వ్యాక్స్‌ప్యాక్ వాసు

శాస్త్రి గారు చెప్పింది బేస్ కార్డులకి సరే. కానీ అంతా సప్లయ్ మీదకే నెట్టేస్తే ఎలా? 1986-87 ఫ్లీర్ మైకేల్ జోర్డాన్ పీఎస్‌ఏ 10లు 300 పైచిలుకే, బూమ్‌లో ఆ సంఖ్య పెద్దగా పెరగలేదు. అదే కార్డు 2021 జనవరి ఆఖరులో వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. ఆ ఏడాది ముగిసేలోపే మూడో వంతు దరిదాపులకు దిగింది. అరుదైన కార్డు కూడా అప్పుచేసి కొనేవాళ్లు, పై వారం అమ్మేద్దామని కొనేవాళ్లు తప్పుకుంటే పడుతుంది. తేడా ఏంటంటే జోర్డాన్ కార్డుకి ధర దిగినప్పుడు కొనే కలెక్టర్లు ఉన్నారు, కాబట్టి ఒకచోట ఆగుతుంది. జయాన్ బేస్‌కి ఆ నేల లేదు.

ఇంకో మాట. పనీనికి ఎన్‌బీఏ లైసెన్సు పోయింది, 2025-26 నుంచి పోటీ కంపెనీ టాప్స్ వాళ్లదే, కాబట్టి పాత ప్రిజం పెరుగుతుంది అని యూట్యూబ్‌లో ఊదరగొడుతున్నారు. ఇప్పటికే అచ్చయిపోయిన కార్డుల్లో ఒక్కటి కూడా దాంతో తగ్గదు. పది, పాతిక వరకే నంబరు వేసిన ప్యారలల్స్‌కి (అదే కార్డు వేరే రంగుల్లో పరిమితంగా అచ్చేసిన రకాలు) ఏమన్నా ఉంటే ఉండొచ్చు, బేస్‌కి కాదు.

లెక్కల మాస్టారు

ధర కదలకపోయినా డబ్బు ఎలా కారిపోతుందో చాలామంది వేసుకోరు. ఈబేలో 100 డాలర్ల కార్డు, షిప్పింగ్ ఉచితం అనుకుందాం. సేల్స్ ట్యాక్స్ 7 శాతమైతే మీకు పడింది 107. అదే కార్డు మళ్లీ 100కి అమ్మారు. ఫీజు 13 శాతం పైచిలుకు. అది మీ ధర మీద మాత్రమే కాదు, కొన్నవాడు కట్టిన ట్యాక్సు కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు కాబట్టి మీ ధరలో 14 శాతం దాకా అవుతుంది. ఆర్డరుకి ఇంకొన్ని సెంట్లు, ప్యాకింగ్, పోస్టేజీకి ఓ 5. చేతికొచ్చేది 80. అంటే ధర అంగుళం కదలకుండా 27 డాలర్లు పోయాయి. అసలుకి అసలు రావాలంటే కార్డు 131కి అమ్ముడవ్వాలి.

ఇప్పుడు మొరాంట్ కార్డులు. కింద ఉన్నవి ఉదాహరణ అంకెలు, మీరు నిజమైన అమ్మకాలు చూసి మార్చుకోండి. రా 40, పీఎస్‌ఏ 10 అయితే 120, 9 అయితే 45, 8 అయితే 25. గ్రేడింగ్, రానుపోను పోస్టేజీ కలిపి కార్డుకి 30.

ఇప్పుడే రాగా అమ్మితే చేతికి 29.
10 వస్తే 98 వస్తుంది, 30 తీస్తే 68.
9 వస్తే మిగిలేది 3.
8 వస్తే చేతి నుంచి 14 ఎదురు కట్టాలి.

8లు ఒక్కటీ రాకపోయినా, పంపినవాటిలో 40 శాతం 10లు వస్తేనే రాగా అమ్మినదానితో సమానం. 15 శాతం 8లు పడితే ఆ గీత 44 శాతానికి జరుగుతుంది. అదీ నెలల తరబడి డబ్బు ఇరుక్కున్నాక. అందుకే పదిహేనూ పంపకండి, ముందు వడపోయండి:

సెంటరింగ్‌ని స్కేలుతో కాదు, స్కాన్ చేసి పెద్దది చేసి కొలవండి. పీఎస్‌ఏ 10కి ముందువైపు 55/45, వెనక 75/25 లోపు ఉండాలి. ఎడమ అంచు 2 మి.మీ., కుడి 2.4 మి.మీ. ఉంటే 54.5 వస్తుంది, గట్టెక్కుతుంది. కుడి 2.6 అయితే 56.5, అక్కడే పక్కన పెట్టేయండి.

తర్వాత గది చీకటి చేసి ఒకే లైటు కింద కార్డుని ఏటవాలుగా తిప్పండి. ప్రిజం లాంటి మెరిసే స్టాకులో నిలువు ప్రింట్ గీతలు, సూదిమొన అంత గుంటలు ఈ వెలుతురులోనే దొరుకుతాయి. ఫొటోలో అస్సలు కనపడవు, 9 పడేది ఎక్కువగా వీటివల్లే. చివరగా పదింతలు చూపే లూప్ (చిన్న భూతద్దం)తో వెనకవైపు నాలుగు మూలలూ చూడండి. తెల్లచుక్క ఒక్కటున్నా వద్దు.

నెగ్గినవాటిని మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వేలిముద్రలు తుడిచి పెన్నీ స్లీవ్ (పలచటి ప్లాస్టిక్ తొడుగు)లో, ఆపైన కార్డ్ సేవర్ 1 (వంగే ప్లాస్టిక్ కవరు)లో పెట్టండి. టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ కవరు) వద్దు, అందులోంచి లాగేటప్పుడు మూలలు నలుగుతాయి. డిక్లేర్డ్ వాల్యూ (పంపేటప్పుడు మీరు చెప్పే కార్డు విలువ) నిజాయితీగా రాయండి. గ్రేడు పడ్డాక విలువ ఆ సర్వీసు పరిమితి దాటితే పై సర్వీసు ఫీజు వసూలు చేస్తారు.

గోధూళి

మాస్టారూ, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. "నిజమైన అమ్మకాలు" అన్నారు, ఈబేలో సోల్డ్ లిస్టింగ్స్ చూస్తే చాలా? ఇంకా, స్లాబులన్నీ ఒకేసారి పెట్టేయొచ్చా?

లెక్కల మాస్టారు

సోల్డ్ ఫిల్టర్ మంచిదే కానీ 90 రోజులవే చూపిస్తుంది. పైగా బెస్ట్ ఆఫర్‌తో (బేరమాడి) అమ్ముడైనవాటికి అడిగిన ధరని కొట్టేసి చూపిస్తుంది, ఎంతకి తెగిందో చెప్పదు. 130పాయింట్ సైట్‌లో అదే కార్డు వెతికితే అసలు ధర వస్తుంది. చివరి ఐదారు అమ్మకాలు తీసుకుని, అన్నిటికంటే పై ధరని వదిలేయండి. వేలం గెలిచి డబ్బు కట్టనివాడి ధర కూడా ఆ జాబితాలో ఉండిపోతుంది.

ఆరు జయాన్లూ ఒకే రోజు వేలానికి పెడితే మీ కార్డులు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. వారానికొకటి పెట్టండి, లేదా వెంటనే డబ్బు కట్టాలన్న షరతు (ఇమ్మీడియట్ పేమెంట్) పెట్టి బై ఇట్ నౌలో, అంటే వేలం లేకుండా స్థిర ధరకి ఉంచండి. బాస్కెట్‌బాల్ కార్డులకి అక్టోబరులో సీజన్ మొదలయ్యే ముందు గిరాకీ ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో అమ్మడమంటే ఊరికే ఇచ్చుకోవడమే.

40 డాలర్ల స్లాబుకి ఈబేలో చేతికొచ్చేది 29. కార్డ్ షోలో డీలరు మార్కెట్ ధరలో 70 శాతం నగదు ఇస్తే 28. ఒక్క డాలరు తేడాకి ప్యాకింగ్, రిటర్న్ తలనొప్పి ఎందుకు? చిన్న స్లాబులన్నీ షోకి పట్టుకెళ్లండి. లూకా రెండూ ఈబేకి ఉంచండి.

పోస్టులో పంపేవాటికి: ముందుగా సర్టిఫికెట్ నంబరు, స్లాబు నాలుగు మూలలూ కనపడేలా ఫొటోలు తీసుకోండి, ఎందుకంటే పగిలిన స్లాబునో వేరే కార్డునో తిప్పి పంపే ఘనులున్నారు. స్లాబుని సంచిలో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య పెయింటర్స్ టేపుతో బిగించి బబుల్ మెయిలర్‌లో వేయండి. మామూలు సెలోటేపు స్లాబు మీద జిగురు వదులుతుంది. యూఎస్‌పీఎస్ (అమెరికా పోస్టు) గ్రౌండ్ అడ్వాంటేజ్‌లో 100 డాలర్ల ఇన్సూరెన్స్ కలిసే వస్తుంది. 750, ఆపైన ఉన్న ఆర్డరుకి డెలివరీలో సంతకం తప్పనిసరి చేయకపోతే ఈబే రక్షణ వర్తించదు.

షెడ్యూల్ డి

ట్యాక్స్ ప్రశ్న అలాగే ఉండిపోయింది, నేను అందుకుంటాను. అన్నీ ఫెడరల్ నిబంధనలే, మీ రాష్ట్రానిది విడిగా చూసుకోండి.

పెట్టుబడిగా కొన్నవైతే నష్టం చూపొచ్చు. సరదాకి దాచుకున్నవైతే కుదరదు, లాభం వస్తే మాత్రం పన్ను కట్టాలి. అన్యాయమే, కానీ రూలు అదే. పెట్టుబడి అని రుజువు చేసేది మీ రికార్డులు: కొన్న తేదీ, రసీదు, గ్రేడింగ్ బిల్లు, అమ్మిన తేదీ. వీటికో స్ప్రెడ్‌షీట్ ఇప్పుడే మొదలెట్టండి, ఏప్రిల్‌లో కాదు.

కొన్న ధరకి సేల్స్ ట్యాక్స్, షిప్పింగ్, గ్రేడింగ్ ఫీజు కలిపితే మీ బేసిస్ (లాభనష్టాల లెక్కకి తీసుకునే అసలు ఖర్చు). ఈబే ఫీజు, పోస్టేజీ అమ్మకం ఖర్చు కింద పోతాయి. ట్యాక్స్ రిటర్న్‌తో ఇచ్చే ఫారం 8949లో ఒక్కో అమ్మకం రాసి, మొత్తం షెడ్యూల్ డి అనే ఫారంకి తేవాలి. నష్టం ముందు మీ క్యాపిటల్ గెయిన్స్‌తో చెల్లుతుంది, స్టాకుల లాభమైనా సరే. ఇంకా మిగిలితే ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతం ఆదాయంలోంచి తీసేయొచ్చు, ఆపైది వచ్చే ఏళ్లకి వెళ్తుంది. లాభమొచ్చిన కార్డుకైతే, ఏడాది దాటి ఉంచుకున్నా కలెక్టిబుల్స్ కాబట్టి గరిష్ఠ రేటు 28 శాతం, స్టాకుల రేటు వర్తించదు.

వాష్ సేల్ నిబంధన (నష్టానికి అమ్మి వెంటనే అదే మళ్లీ కొంటే నష్టం చెల్లదనేది) స్టాకులు, సెక్యూరిటీలకే, కార్డులకి కాదు. అలాగని తమ్ముడికో భార్యకో అమ్మి నష్టం రాసుకుంటే చెల్లదు. ఇక 1099-కె (ఈబే లాంటి సైట్లు మీ అమ్మకాల మొత్తాన్ని పన్ను శాఖకి తెలిపే ఫారం) 20,000 డాలర్లూ 200 లావాదేవీలూ రెండూ దాటితేనే ఫెడరల్‌గా తప్పనిసరి. ఆ ఫారం రాకపోయినా అమ్మకాలు చూపాల్సిందే. వస్తే అందులో ఉండేది ఫీజులు తీయకముందు మొత్తం, దాన్ని లాభమనుకుని కంగారు పడకండి. నెలనెలా కొని అమ్ముతూ ఉంటే వ్యాపారం కింద షెడ్యూల్ సికి మారుతుంది, అప్పుడు లెక్కలు వేరు. సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్) అడగండి.

వ్యాక్స్‌ప్యాక్ వాసు

హూప్స్ బాక్సులు ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఏడాది రూకీల్లో ఆంథనీ ఎడ్వర్డ్స్, లమెలో బాల్, హాలిబర్టన్ ఉన్నారు, కాబట్టి సీల్డ్‌కి కొనేవాళ్లు దొరుకుతారు. సీల్ తీయకండి. హూప్స్ చవక సెట్టు, రిటైల్ బాక్సులో వచ్చే కార్డుల సగటు విలువ బాక్సు ధరకి చేరదు. ష్రింక్‌రాప్ చిరిగితే తెరిచి మళ్లీ సీల్ వేశారనే అనుమానమొచ్చి ధర తెగుతుంది, ఎండ తగలని చోట నిలువుగా పేర్చండి. ఒక్కోటీ విడిగా పంపితే పోస్టేజీ మింగేస్తుంది. నాలుగేసి చొప్పున రెండు లాట్లుగా పెట్టి, ఎడ్వర్డ్స్ పేరు టైటిల్లో ముందు రాయండి.