‘అతుకుల బొంత’లో అతుకు ఏది, బొంత ఏది?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి):
జాకెట్లు, ఫ్రాకులు కుట్టగా మిగిలిన ముక్కలతో కొద్దికొద్దిగా కుట్టుకునే క్విల్టుకు తెలుగులో ఏం రాయాలి? కుట్టుపని నేర్చుకునేవాళ్ళ కోసం సూచనలు తయారుచేస్తున్నాం. ‘అతుకుల బొంత’ అని రాస్తే, పత్రికలు కూటమి ప్రభుత్వాల్నీ గుంతల రోడ్లనీ తిట్టే మాటలా ఉంది, వద్దంటున్నారు కొందరు. ఉత్త ‘బొంత’ అంటే సరిపోతుందా? అతుకు, మాసిక, పేలిక, పీలిక అన్నీ ఒకటేనా?

సైదాబాద్ నుంచి:
సరిపోదండి. బొంతకు అతుకులు ఉండి తీరాలని లేదు. రెండు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, పొరలన్నీ కలిసేలా అంతటా దారం పోయించి కుడితే అదీ బొంతే. పైన ఒక్క అతుకూ ఉండదు. అంటే ‘బొంత’ అన్న పేరు ముక్కల వల్ల వచ్చింది కాదు, పొరల్ని కలిపే కుట్టు వల్ల వచ్చింది. ఒకే పొర అయితే దుప్పటి, లోపల దూది నింపితే రజాయి, ఉన్నిది అయితే కంబళి లేదా గొంగడి. ‘అతుకుల బొంత’ అన్నప్పుడు రెండు వేరువేరు పనులు చెబుతున్నాం: ముందు ముక్కల్ని అతకడం, తర్వాత బొంత కుట్టడం. మీకు కావలసిన మాట అచ్చంగా అదే. వదులుకోకండి.

ఇక మిగతావి. పేలిక అంటే చినిగిపోయిన పాత గుడ్డముక్క. పీలిక అంటే సన్నగా, పొడుగ్గా చీల్చిన ముక్క. అతుకు అంటే రెండు ముక్కల అంచులు కలిపి వేసిన కుట్టు. మాసిక అంటే చిరుగుమీదో కన్నంమీదో పెట్టి కుట్టిన ముక్క. టైలరు షాపులో మిగిలేవి పేలికలు కావు, కొత్త గుడ్డ. వాటిని అందరూ అంటున్నట్టు ‘కటింగ్ ముక్కలు’ అనే రాయండి.

పాతబస్తీ నుంచి:
ఇక్కడ దక్కనీ మాట్లాడేవాళ్ళు గుదడీ అంటారు. పేదింట్లో పుట్టిన ప్రతిభావంతుణ్ణి ఉర్దూలో ‘గుదడీ కా లాల్’ అంటారు, అంటే బొంతలో దొరికిన కెంపు. మనం ‘మట్టిలో మాణిక్యం’ అంటాం. మరాఠీలో గోధడీ, కన్నడంలో కౌది, బెంగాలీలో కాంథా. సంస్కృతంలో కంథా. భజగోవిందంలో ‘రథ్యా చర్పట విరచిత కంథః’ అని ఉంది. వీధిలో పారేసిన పేలికలతో కుట్టుకున్న బొంత కప్పుకున్న యోగి అని. ఆ కంథలో పేలికలూ ఉన్నాయి, కుట్టూ ఉంది.

మెహదీపట్నం నుంచి:
మాట తేలింది కాబట్టి పని కూడా ఆ మాటల్లోనే చెప్పుకుందాం, సూచనలకు పనికొస్తుంది.

ముక్కలు వచ్చినవి వచ్చినట్టు సంచిలో కుక్కకూడదు. ఏడాది తర్వాత ఆ సంచి విప్పితే ముడతలు సాపు చేయడానికే ఓపిక అయిపోతుంది. కుట్టుపని ముగిసిన రోజునే ఇస్త్రీ చేసి, 5 అంగుళాల చదరపు అట్ట పెట్టి గీసి కత్తిరించాలి. అట్ట అంచు గుడ్డ పడుగు దారం (నేతలో పొడుగునా సాగే పోగు) వెంట ఉండాలి. క్రాస్‌గా, అంటే పోగుకు ఏటవాలుగా కోసిన ముక్క కుట్టేటప్పుడు సాగి, పక్క ముక్క కన్నా పెద్దదవుతుంది. జాకెట్టు చంక దగ్గర మిగిలే ముక్కలు చాలావరకు క్రాస్‌వే, వాటిని చూసి తీసుకోండి. 5 అంగుళాలు రాకపోతే 2½ అంగుళాల చదరపు ముక్కలుగా కోసి వేరే డబ్బాలో వేసుకోవాలి.

పావు అంగుళం మార్జిన్‌తో, అంటే అంచునుంచి అంత గుడ్డ వదిలి కుడితే 5 అంగుళాల ముక్క 4½ అవుతుంది. అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం 9 ముక్కలు అతికితే 13½ అంగుళాల గడి. అడ్డంగా 4, నిలువుగా 6 గడులు అతికితే 54 × 81. చుట్టూ 3 అంగుళాల అంచు వేస్తే 60 × 87, ఒక మనిషికి నిండుగా సరిపోతుంది. మొత్తం 24 గడులు, 216 ముక్కలు. వారానికి రెండు గడుల చొప్పున 12 వారాలు.

గడిలో మొదటి, మూడో వరుసల అతుకుల్ని కుడివైపుకు, రెండో వరుసవి ఎడమవైపుకు మడిచి ఇస్త్రీ చేయండి. వరుసలు కలిపేటప్పుడు అతుకు పక్కన అతుకు ఒదిగి కూర్చుంటుంది, మూలలు కలుస్తాయి. అన్నీ ఒకవైపుకే మడిస్తే అతుకుమీద అతుకు పడి అక్కడ గుడ్డ గట్టిగా ఉబ్బుతుంది, సూది కూడా విరుగుతుంది.

సికింద్రాబాద్ నుంచి:
అన్నా, గడులు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి కారణం ఎక్కువగా మార్జినే. పావు మీద అంగుళంలో 16వ వంతు ఎక్కువ పట్టినా, ఆ కుట్టు రెండు ముక్కల్లోనూ తింటుంది కాబట్టి ఒక్కో అతుకుకూ 8వ వంతు పోతుంది. 12 ముక్కల వరుసకు 11 అతుకులు, అంటే దాదాపు 1⅜ అంగుళాలు తగ్గుతుంది. ఒక వరుస ఒకరు, ఇంకో వరుస ఇంకొకరు కుడితే ఇంత తేడా రావడం ఖాయం. మెషీను పాదం పక్కన సూదినుంచి పావు అంగుళం కొలిచి, ప్లేటుమీద టేపు అంటించుకుని, గుడ్డ అంచును దాన్ని ఆనించి నడపండి.

కత్తిరించే ముందే ముక్కల్ని తడిపి ఆరబెట్టాలి. ఉతకని నూలు ముక్క, ఉతికిన ముక్క పక్కపక్కన ఉంటే మొదటి ఉతుకులో ఒకటి ముడుచుకుని రెండోదాన్ని లాగుతుంది. ముదురు ఎరుపు, నీలిమందు, కలంకారీ ముక్కల్ని తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కి చూడండి. రంగు దిగితే పక్కన పెట్టేయడమే మంచిది. జార్జెట్, పాలిస్టర్ ముక్కలు నూలుగుడ్డకు పెట్టే వేడికి ఇస్త్రీపెట్టెకు అంటుకుంటాయి. వాటిని నూలుతో కలపవద్దు.

మల్కాజిగిరి నుంచి:
చాలా ఉపయోగంగా ఉంది. మరి 2½ అంగుళాలు కూడా రాని ముక్కలు?

మెహదీపట్నం నుంచి:
వాటికి కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు) ఆడవాళ్ళ పద్ధతి ఉంది, కవంది అంటారు. ముక్కల్ని ముందు అతకరు. అడుగు చీర పరిచి, ఒక మూలనుంచి మొదలుపెట్టి, ఒక్కో ముక్క అంచు లోపలికి మడిచి, పక్కదానిమీద కాస్త ఎక్కించి, టాకా కుట్టుతో (సూదిని పైకీ కిందికీ పొడుస్తూ ముందుకు పోయే కుట్టు) చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. చతురస్రం కానక్కర్లేదు. ఒకరోజు రెండు ముక్కలు వేసి మడిచి పెట్టుకోవచ్చు. భాష లెక్కలో చెప్పాలంటే ఇందులో అతుకే లేదు, అన్నీ మాసికలే. కాబట్టి ఇది ‘మాసికల బొంత’ అవుతుంది. కొత్త మాటే అయినా కుట్టేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

సైదాబాద్ నుంచి:
పత్రికల వాడుక సంగతికి వస్తాను. ‘అతుకుల బొంత’ అంటే విడిపోయేది అన్న అర్థంలో రాస్తున్నారు. కానీ బొంత పాడయ్యేది అతుకు దగ్గర అనుకోవడం తప్పండి. సరిగా వేసిన అతుకు దగ్గర గుడ్డ మూడు వరసలు ఉంటుంది. పాడయ్యేది పొరల మధ్య కుట్టు దూరమైనచోట. అడుగు పొర జరిగి, మధ్య పొర ఉతికినప్పుడల్లా ఒక మూలకు చేరి ఉండ కడుతుంది. అందుకే ముందు మధ్యనుంచి అంచులవైపు జానెడేసి దూరంలో తాత్కాలికంగా టాకాలు వేసి పొరల్ని బిగించి, ఆ తర్వాతే అసలు కుట్టు మొదలుపెడతారు. వరుసకూ వరుసకూ మధ్య రెండువేళ్ళ దూరం మించకూడదు. టాకాలు చివర్లో ఊడదీస్తారు. హైదరాబాద్ చలికి మధ్యలో ఒక పాత నూలుచీర చాలు. అడుగుకు ఇంకో చీర. 5½ మీటర్ల చీర అంటే 216 అంగుళాలు. 93 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన అతికితే దాదాపు 90 వెడల్పు వస్తుంది, 66 వాడుకుంటే చుట్టూ మూడేసి అంగుళాలు మిగులుతుంది. ఆ మిగులు ఉండాలి, కుట్టేకొద్దీ పై పొర పరుచుకుంటుంది.

పాతబస్తీ నుంచి:
చిన్న మాట. గొంగళిపురుగునే బొంతపురుగు అని కూడా అంటాం కదా. కప్పుకునేవి రెండూ ఒకే పురుగుకు పేర్లయ్యాయి.

మల్కాజిగిరి నుంచి:
అక్కా, చివరి పని ఒక్కటి. నాలుగు వైపులా అంచు మూసే పట్టీకి ‘బైండింగ్’ అనే రాయాలా?

సికింద్రాబాద్ నుంచి:
ఇక్కడ కుట్టేవాళ్ళు గోటు అంటారు, అదే రాయండి. 60 × 87 బొంతకు చుట్టుకొలత 294 అంగుళాలు, మూలలు తిప్పడానికి ఇంకో 12. రెండున్నర అంగుళాల వెడల్పు పీలికలు, 44 అంగుళాల గుడ్డ అడ్డకొలతలో 8 కోయండి. 7 సరిపోతాయనిపిస్తుంది కానీ ఏటవాలుగా అతికేటప్పుడు ఒక్కో అతుకుకు రెండున్నర అంగుళాలు పోతుంది. పీలికను పొడుగునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, విప్పి ఉన్న అంచుల్ని బొంత పైవైపు అంచుకు ఆనించి కుట్టి, మడతను వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయాలి.