బెకెట్ వారోత్సవానికి ఏ నాటకం?

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ రంగస్థల కళల శాఖ ఈ ఏడాది శామ్యూల్ బెకెట్ నాటకాలకు ఒక వారం కేటాయించింది. 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ అందరికీ తెలిసిందే కనుక, చిన్న హాలులో ఆడదగిన మరొకటి పెద్దలు సూచించగలరు.

జవాబు: 1972 నాటి ‘నాట్ ఐ’ తీసుకోండి. చీకట్లో ఒక్క నోటి మీదే వెలుగు పడుతుంది, మాటలు ఊపిరి సలపనంత వేగంగా దూసుకొస్తాయి. అందుచేత నటి తల కదలకుండా ఏర్పాటు చేసి, నెలల తరబడి సాధన చేయించండి.

జవాబు: నా మనసు ‘క్రాప్స్ లాస్ట్ టేప్’ వైపే మొగ్గుతుంది. అరవై తొమ్మిదేళ్ల ఒంటరి మనిషి, ముప్పై తొమ్మిదేళ్లప్పటి తన గొంతును టేపులో వింటూ బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆ దృశ్యం నన్ను నేటికీ వదలలేదు. దయచేసి మౌనాలను కత్తిరించకండి.

జవాబు: బెకెట్ 1989లో మరణించారు కనుక కాపీరైటు ఇంకా ఉంది. ప్రదర్శన అనుమతి ముందే తీసుకోండి.