ఒబామా రెండో విడత: లిబరల్ ఓటరు ముందు దేనికి పట్టుబట్టాలి? (నవంబరు 2012)

శేషగిరి:
నవంబరు 6న 332 ఎలక్టోరల్ ఓట్లతో ఒబామా మళ్ళీ గెలిచారు. ఇద్దరు ఇండిపెండెంట్లతో కలిపి సెనేట్‌లో డెమొక్రాట్ల బలం 55. ప్రతినిధుల సభ మాత్రం రిపబ్లికన్ల దగ్గరే ఉండిపోయింది. వలస చట్టం, కార్బన్ పన్ను, కనీస వేతనం అంటూ లిబరల్ మిత్రులు చిట్టాలు రాస్తున్నారు. అవన్నీ సభ గడప దాటాలి. దాటవు. సభతో పనిలేని వాటి మీదే ఒత్తిడి పెట్టాలంటాను. వాటిలో మొదటిది ఫిలిబస్టర్ నిబంధన, అంటే సెనేట్‌లో 60 ఓట్లు లేకుండా చర్చ ముగియనివ్వనిది. జనవరి 3న కొత్త సెనేట్ కూర్చునే రోజున దాన్ని మామూలు మెజారిటీతో మార్చవచ్చన్న వాదన ఉంది. ఆ తర్వాతైతే నిబంధన మార్పుపై చర్చ ముగించడానికే హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆ రోజు 50 మంది నిలబడితే చాలు, ఓట్లు సమానమైనప్పుడు ఉపాధ్యక్షుడు బైడెన్ వేసే ఓటుతో గట్టెక్కుతుంది. అంటే ఐదుగురు జారిపోయినా ఫర్వాలేదు.

పద్మజ:
శేషగిరి గారూ, నిబంధనల సంగతి తర్వాత. ఇప్పుడు వేడి మీద ఉన్నది వలస చట్టం. లాటినో ఓటర్లలో 71 శాతం ఒబామాకే వేశారు, రిపబ్లికన్లు బెదిరి ఉన్నారు. కాగితాల్లేకుండా చిన్నప్పుడు వచ్చినవాళ్ళని పంపేయకుండా జూన్ 15న ప్రకటించిన డాకా రెండేళ్ళ ఊరటే. తర్వాతి అధ్యక్షుడు తలుచుకుంటే ఎత్తేయొచ్చు.

మన తెలుగువాళ్ళ సంగతీ చూడండి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతం దాటకూడదు. పై చదువులవాళ్ళ వరుస ఈబీ-2లో ఇండియా తేదీ 2004 సెప్టెంబరు 1 దగ్గర ఆగి ఉంది, అంటే అంతకుముందు వరుసలో చేరినవాళ్ళకే ఇప్పుడు కార్డు. ఉద్యోగాల కోటాలో ఆ పరిమితి ఎత్తేసే బిల్లు హెచ్‌ఆర్ 3012 నిరుడు సభలో 389-15తో నెగ్గింది. ఆగింది సెనేట్‌లో! జనవరి 3కి ఈ కాంగ్రెస్‌తోపాటు ఆ బిల్లూ చచ్చిపోతుంది. మీరేమో సభ అడ్డం అంటున్నారు.

శేషగిరి:
సెనేట్‌లో ఎలా ఆగిందో కూడా చెప్పండి మరి. రిపబ్లికన్ సెనేటర్ గ్రాస్లీ ఒక్కరు పెట్టిన హోల్డ్ (బిల్లును ముందుకు పోనివ్వనన్న అభ్యంతరం) దగ్గర జూలై దాకా నలిగింది. మీ ఉదాహరణ నాకే పనికొస్తోంది.

జడ్జీలుగా, అధికారులుగా అధ్యక్షుడు ప్రతిపాదించే నామినేషన్ల గతి ఇంకా అన్యాయం. చర్చ ముగించాలని తీర్మానం పెట్టాలి, మధ్యలో ఒక రోజు వదలాలి, 60 ఓట్లు తేవాలి, తెచ్చాక కూడా 30 గంటల దాకా సాగదీయొచ్చు. ఒక్క జడ్జికి దాదాపు వారం ఖర్చు. అందుకే చాలా పేర్లు ఓటింగు దాకా రావు.

డీసీ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు చూడండి. 11 సీట్లలో 3 ఖాళీ, నాలుగేళ్ళలో ఒబామా ఒక్కరినీ కూర్చోబెట్టలేకపోయారు. ఆయన ప్రతిపాదించిన కెయిట్లిన్ హాలిగన్ నిరుడు డిసెంబరులో 60 ఓట్లు రాక 54-45 దగ్గర ఆగిపోయారు. జూన్‌లో ప్రతిపాదించిన శ్రీ శ్రీనివాసన్ ఇంకా వరుసలోనే ఉన్నారు. దేశమంతటికీ వర్తించే గాలి కాలుష్య నిబంధనలపై దావాలు వెళ్ళేది ఈ కోర్టుకే. రాష్ట్రాల సరిహద్దులు దాటే పొగ మీద కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ తెచ్చిన నిబంధనను ఆగస్టులో 2-1తో కొట్టేసింది కూడా ఇదే.

కార్బన్‌కి కొత్త చట్టం అక్కర్లేదు, 2007 సుప్రీంకోర్టు తీర్పు ఈపీఏకి దారి ఇచ్చింది. కొత్త కరెంటు ప్లాంట్లకు మెగావాట్-అవర్‌కి 1,000 పౌండ్ల పరిమితి మార్చిలో ప్రతిపాదించారు. అసలు పొగంతా పాత ప్లాంట్లది. వాటికి గాలి కాలుష్య చట్టంలోని సెక్షన్ 111(డి) కింద ముసాయిదా, వైట్‌హౌస్ పరిశీలన, జనాభిప్రాయం, తుది నిబంధన, రాష్ట్రాల ప్లాన్లు, ఆపైన కోర్టు. 2013లో మొదలెట్టకపోతే ఇది తర్వాతి అధ్యక్షుడి బల్ల మీద పడుతుంది, ఆయన చింపేస్తాడు.

రామ్మోహన్:
లెక్క బాగుంది. 2014 మాటేమిటి? సెనేట్‌లో ఎన్నికలకొచ్చే 33 సీట్లలో 20 డెమొక్రాట్లవి. అలాస్కా, అర్కాన్సా, లూసియానా, సౌత్ డకోటా అందులోవే. సెనేట్ పోతే ఇవాళ మీరు పీకిన తలుపు రేపు వాళ్ళకీ తెరిచే ఉంటుంది. డెమొక్రాట్ సెనేటర్లు మెర్క్‌లీ, ఉడాల్ చెబుతున్నట్టు అడ్డుకునేవాళ్ళని నిలబడి మాట్లాడమనడమే మేలు.

పైగా చేతిలో ఉన్న ఆయుధం డిసెంబరు 31. ఏమీ చేయకపోయినా బుష్ పన్ను తగ్గింపులు వాటంతటవే పోతాయి, పై రేటు 35 నుంచి 39.6కి వెళ్తుంది. 2,50,000 డాలర్లు దాటిన ఆదాయానికి తగ్గింపు పోవాల్సిందేనన్న గీత దగ్గర ఒబామా దిగకూడదు.

పద్మజ:
దిగకపోతే అత్యవసర నిరుద్యోగ భృతి కూడా ఆ రోజే ఆగిపోతుంది, సుమారు 20 లక్షల మందికి. జీతాల మీద 2 శాతం పన్ను రాయితీ అందరికీ పోతుంది. బేరం గట్టిగా ఆడమనడం తేలికే, దెబ్బ తగిలేది ఎవరికో చూడాలి కదా.

సుధ:
పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని ఎవరూ తలవలేదే! జూన్ 28 సుప్రీంకోర్టు తీర్పుతో దాని విస్తరణ రాష్ట్రాల ఇష్టమైంది. ఒప్పుకోని రాష్ట్రంలో ఏడాదికి 11,170 డాలర్లలోపు సంపాదించే ఒంటరి మనిషికి మెడికెయిడ్ రాదు, ఇన్సూరెన్స్ సబ్సిడీ కూడా ఆ గీత పైనే మొదలు. మొదటి మూడేళ్ళు ఖర్చంతా కేంద్రానిదే, 2020కి కూడా 90 శాతం. ఇక్కడ ఒత్తిడి పెట్టాల్సింది వైట్‌హౌస్ మీద కాదు, గవర్నర్ల మీద.

శేషగిరి:
సుధ గారి మాట ఒప్పుకుంటాను. రామ్మోహన్ గారూ, బిల్లులకు 60 అలాగే ఉండనివ్వండి, నామినేషన్లకు మాత్రం మార్చమంటున్నాను. నిలబడి మాట్లాడమంటే 45 మంది వంతులేసుకుని మాట్లాడతారు. 2014లో సెనేట్ పోతుందన్న భయం ఉన్నప్పుడు ఈ రెండేళ్ళలోనే సీట్లు నింపుకోవాలి. సుప్రీంకోర్టు జడ్జి గిన్స్‌బర్గ్ గారికి 79 ఏళ్ళు. ఆమె దిగే సంగతి కూడా ఈ గడువులోపే తేలాలి.

రామ్మోహన్:
ఆమెను దిగమనే హక్కు మనకెక్కడిది? అది వేరే చర్చ. ముందు ఆ 50 మంది పేర్లు రాయండి. డెమొక్రాట్ సెనేటర్ కార్ల్ లెవిన్ లాంటి పాతకాపులు మెజారిటీ దారికి ఒప్పుకోరు.