కన్సెన్సస్‌ను ‘ఏకగ్రీవం’ అనవచ్చునా?

ప్రశ్న

నమస్కారం. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వార్తావ్యాసాలు, ప్రభుత్వ పత్రాలు అనువదించడం నా వృత్తి. ఇటీవల ప్రపంచ వాణిజ్య సంస్థ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ, కన్సెన్సస్ అన్న మాట వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ ఒకచోట ‘ఏకగ్రీవంగా’ అనీ, మరోచోట ‘ఏకాభిప్రాయంతో’ అనీ రాసుకుపోయాను. తీరా మొత్తం చదువుకుంటే, మూలంలో లేని విషయాన్ని నేను చెబుతున్నట్టు అనిపించింది. ఆ తీర్మానం నచ్చని దేశాలు కూడా అడ్డుపడకుండా ఊరుకున్నాయని మూలం చెబుతుంటే, నా తెలుగు మాత్రం దేశాలన్నీ కోరి కోరి ఒకే మాట మీద నిలబడ్డాయని చెబుతోంది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, యునానిమస్ అన్న మాటకూ దీనికీ తేడా ఏమిటి, తెలుగులో దీన్ని దేనితో చెప్పడం న్యాయం? మాట మధ్యలో ‘సి’ రాయాలా, ‘ఎస్’ రాయాలా అన్నది కూడా నాకు తరచు కలిగే అనుమానమే. పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం

అమ్మా, మీ అనుమానం సరైనదే. స్పెల్లింగుతో మొదలుపెడితే మూలం కూడా దానంతట అదే బయటపడుతుంది. మధ్యలో రావలసింది ‘ఎస్’. చాలామంది జనాభా లెక్కలకు వాడే సెన్సస్ అన్న మాటను మనసులో పెట్టుకుని ‘సి’ రాస్తారు గాని, ఆ రెంటికీ చుట్టరికం లేదు. సెన్సస్ లాటిన్‌లో మదింపు వేయడం అన్న అర్థం గల ధాతువు నుంచి వచ్చింది. కన్సెన్సస్‌కు మూలం ‘సెంటీరె’, అంటే అనుభూతి చెందడం, తలచడం. దానికి ముందు ‘కలిసి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరింది. సెన్స్, సెంటిమెంట్, కన్సెంట్, అసెంట్, డిసెంట్ అన్నీ ఈ ఇంటి పిల్లలే. అంగీకారాన్ని చెప్పే అసెంట్, అసమ్మతిని చెప్పే డిసెంట్ ఒకే తల్లి బిడ్డలు కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

కన్సెంట్ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి శతాబ్దాల క్రితమే చేరింది. కన్సెన్సస్ మాత్రం చాలా తర్వాత నేరుగా లాటిన్ నుంచి వచ్చి, 19వ శతాబ్దంలో గాని జన వ్యవహారంలో స్థిరపడలేదు. ఆ కాలపు శరీరశాస్త్రంలో, దేహంలోని వేర్వేరు అవయవాలు ఒకే ప్రయోజనం కోసం పరస్పరం కలిసి పనిచేయడాన్ని కూడా ఈ మాటతోనే చెప్పేవారు. ఈ అర్థం గుర్తుంచుకోదగినది. గుండె, ఊపిరితిత్తులు ఒకే పని చేయవు, ఒకదానిలా మరొకటి ఉండదు. అయినా వాటి మధ్య పొందిక ఉంటుంది.

‘కన్సెన్సస్ ఆఫ్ ఒపీనియన్’ అనడం పునరుక్తి అని కొందరు వ్యాకర్తలు అభ్యంతరం చెబుతారు. నేటి ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే చాలు కనుక, నేనైతే రాయను.

యునానిమస్ సంగతి వేరు. ‘ఊనుస్’ అంటే ఒకటి, ‘అనిముస్’ అంటే మనసు. అక్కడ లెక్క కచ్చితంగా ఉంటుంది. తీవ్రమైన నేరాల విచారణలో జ్యూరీ తీర్పు యునానిమస్‌గా ఉండి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంతకుముందు లూసియానాలో 12 మందిలో 10 మంది ఒప్పుకున్నా శిక్ష పడిన సందర్భాలు ఉండేవి. ఇప్పుడు ఒక్కరు కాదన్నా ఆ తీర్పు నిలవదు. కన్సెన్సస్‌లో ఇటువంటి లెక్కింపు జరగదు.

రెండవ సమాధానం

పై సమాధానానికి వాడుక వైపు నుంచి కొంత చేర్చదలచాను. మీరు అనువదిస్తున్న సంస్థే ఈ మాటకు తన నిర్వచనం రాసిపెట్టుకుంది. ఆ సంస్థ ఏర్పాటుకు 1994లో కుదిరిన మరాకేష్ ఒప్పందం తొమ్మిదో అధికరణం కింద ఒక పాదసూచిక ఉంది. నిర్ణయం తీసుకునే సమావేశానికి హాజరైన సభ్యదేశాలలో ఏ ఒక్కటీ లాంఛనంగా అభ్యంతరం తెలపకపోతే కన్సెన్సస్ కుదిరినట్టేనని దాని సారాంశం. అంటే రాని దేశాన్ని లెక్కలోకి తీసుకోరు, వచ్చి మౌనంగా కూర్చున్న దేశం ఒప్పుకున్నట్టే. మనవాళ్లు ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నారు. అక్కడ మౌనం పూర్తి అంగీకారమే. ఇంత స్పష్టమైన నిర్వచనం ఉన్నచోట ‘ఏకగ్రీవంగా’ అని రాస్తే పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించినట్టే అవుతుంది.

అసలు ‘ఏకగ్రీవం’ అన్న మాటతోనే మనం చాలా బరువు మోయిస్తున్నాం. గ్రీవమంటే మెడ, దశగ్రీవుడంటే రావణుడు. పది తలలు ఉన్నవాడికి పది మెడలు ఉంటే, ఏకగ్రీవంలో ఎన్ని తలలు ఉన్నా మెడ ఒక్కటే. ఇంత బలమైన చిత్రం యునానిమస్‌కు చక్కగా అతుకుతుంది. కాని పంచాయతీ ఎన్నికల్లో మనం ఇదే మాటను ఇంకో అర్థంలో వాడుతున్నాం. ఉపసంహరణ గడువు ముగిసేసరికి బరిలో ఒక్కరే మిగిలితే, పోలింగ్ లేకుండానే ఆ వ్యక్తి గెలిచినట్టు ప్రకటిస్తారు. పత్రికలు ‘ఏకగ్రీవం’ అని రాస్తాయి, ప్రభుత్వాలు అటువంటి పంచాయతీలకు ప్రోత్సాహక నిధులు కూడా ఇస్తాయి. నిజానికి అక్కడ జరిగింది పోటీ లేకపోవడం మాత్రమే. ఊరిలో ఎవరి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. ఈ విధంగా ఇంగ్లీషులో మూడు వేర్వేరు మాటలు చెప్పే మూడు వేర్వేరు సంగతులు తెలుగు వార్తలో ఒకే మాటలోకి వచ్చి పడుతున్నాయి.

జీఎస్టీ మండలి వార్తల్లోనూ ఈ చిక్కు ఉంది. రాజ్యాంగం 279ఎ అధికరణం ప్రకారం అక్కడ ఓటింగుకు వీలుంది. కేంద్రం ఓటుకు మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల బరువు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అయినా 2019 డిసెంబరులో లాటరీల పన్ను రేటుపై మొదటిసారి ఓటు వేసేదాకా ప్రతి నిర్ణయమూ ఓటు లేకుండానే జరిగింది. అలాగని ఆ నిర్ణయాలన్నీ ప్రతి రాష్ట్రానికీ నచ్చాయని అనలేం. బయట విమర్శిస్తూనే లోపల ఓటుకు పట్టుబట్టని రాష్ట్రం ఏకగ్రీవంలో భాగస్వామి కాదు.

మూడవ సమాధానం

నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తాను. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ అనే బృందంలో ‘రఫ్ కన్సెన్సస్’ అన్న పద్ధతి ఉంది. తమకు రాజులూ అధ్యక్షులూ ఓటింగూ వద్దని, రఫ్ కన్సెన్సస్, పనిచేసే కోడ్ చాలునని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1992లో అన్న మాట అక్కడివారందరికీ తెలుసు. సమావేశంలో అభిప్రాయం తెలుసుకోవడానికి చేతులు ఎత్తించడానికి బదులు, నోరు మూసుకుని గొంతులోనే ‘మ్’ అనమంటారు. ఆ ధ్వని ఎంత బలంగా వచ్చిందో అధ్యక్షుడు గమనిస్తారు. గ్రీవం గురించి పైన చదివాక ఈ హమ్మింగ్ నాకు వెంటనే గుర్తుకొచ్చింది.

2014లో వచ్చిన 7282వ ఆర్ఎఫ్‌సీ (ఐఈటీఎఫ్ వెలువరించే పత్రాలను ఇలా అంటారు) ఈ పద్ధతిని వివరిస్తూ, ప్రతి అభ్యంతరాన్నీ తీర్చనక్కరలేదు గాని, ప్రతి అభ్యంతరానికీ సమాధానం వెతకాలి అంటుంది. వందమంది సరేనన్నా, అయిదుగురు లేవనెత్తిన సాంకేతిక లోపాన్ని ఎవరూ పట్టించుకోకపోతే అది కన్సెన్సస్ కాకపోవచ్చు. నా దృష్టిలో ఈ మాట ఆత్మ ఇక్కడే ఉంది. ఎంతమంది ఒప్పుకున్నారన్నదానికన్నా, ఒప్పుకోనివారి మాట విన్నారా లేదా అన్నది ముఖ్యం.

అయితే ‘ఏకగ్రీవం’తో పాటు మీరు రాసిన ‘ఏకాభిప్రాయం’ మాటను కూడా పూర్తిగా వదిలేయనక్కరలేదని నా అభిప్రాయం. ‘చర్చల తర్వాత ఏకాభిప్రాయానికి వచ్చారు’ అన్నప్పుడు, తలా కాస్త తగ్గి ఒక చోట కలిశారనే తెలుగువారు అర్థం చేసుకుంటారు. ‘వచ్చారు’, ‘కుదిరింది’ అన్న క్రియలు ఆ ప్రయాణాన్ని చెబుతాయి. ‘ఏకాభిప్రాయంతో ఉన్నారు’ అంటేనే చిక్కు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. వాణిజ్య సంస్థ వ్యాసంలో ‘ఏకగ్రీవం’ అన్నిచోట్లా తీసేశాను. నిర్వచనం వచ్చే మొదటి చోట ‘ఎవరూ అభ్యంతరం చెప్పనందున కుదిరిన సమ్మతి’ అని విడమరచి, ఆ తర్వాత ‘సమ్మతి’ అని మాత్రమే రాస్తున్నాను. చర్చల సందర్భంలో ‘ఏకాభిప్రాయం కుదిరింది’ అన్నదాన్ని ఉంచాను. ఒక్క ఇబ్బంది మిగిలింది: వ్యాసం చివర కన్సెంట్ కూడా వస్తుంది, దానికీ నేను ‘సమ్మతి’ అనే రాశాను.

రెండవ సమాధానం ఇచ్చినవారు

కన్సెంట్ ఒక వ్యక్తి గాని, ఒక పక్షం గాని ఇచ్చేది, కన్సెన్సస్ పదిమంది మధ్య కుదిరేది. కాబట్టి మొదటిదానికి ‘అంగీకారం’ అని రాసి, ‘ఇచ్చారు’ అన్న క్రియతో వాడండి. రెండవదానికి ‘సమ్మతి కుదిరింది’ అనండి. ఒకే పేరాలో రెండూ వచ్చినా పాఠకుడు తికమకపడడు.