మిర్చి యార్డులో పని, జేబులో నీలం పంపు. ఇలా ఎన్నాళ్లు?

గుంటూరు గుమాస్తా:

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, విసుక్కోకండి.

నాకు 43 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. 17 ఏళ్లుగా అదే కొట్టు, అదే షావుకారు. రైతు సరుకు దిగిన దగ్గర్నుంచి కాటా చీటీ రాసేదాకా అన్నీ నా చేతి మీదే జరగాలి. మచ్చు చూపించడానికి టిక్కీ (మిర్చి బస్తా) కోసి, లోపలికి చెయ్యి పెట్టి కాయల్ని పైకి తిరగేస్తే ఒక ఘాటు లేస్తుంది చూశారూ, కొత్తవాళ్లు అక్కడ రెండు నిమిషాలు నిలబడలేరు. మాకు అలవాటైపోయింది. అయిపోయిందనే అనుకున్నాను.

మూడేళ్ల కిందట పొడిదగ్గుతో మొదలైంది. యార్డులో దగ్గనివాడెవడులే అని నేనూ నవ్వేశాను. తర్వాత రాత్రి మూడింటికి మెలకువ రావడం, పిల్లికూతలు, ఛాతీ మీద నిండు టిక్కీ పెట్టినట్టు బరువు. పోయిన ఫిబ్రవరిలో ఒక రైతు "రేటెంత పడిందయ్యా" అని అడిగితే "పద్నాలుగు వేల..." అని ఆగిపోయాను. మిగతా ఐదొందలు చెప్పడానికి ఊపిరి లేదు. సగం తేజ రకం కాయని తాలు (రంగు పోయిన నాసిరకం) కింద కొట్టేశామేమో అనుకుని ఆ పెద్దాయన మొహం నల్లబడిపోయింది.

డాక్టరు గొట్టంలో ఊదించి ఆస్తమా అన్నారు. రెండు పంపులు (నోటితో పీల్చే ఇన్‌హేలర్లు) రాశారు. నీలంది ఆయాసం వచ్చినప్పుడు, రెండోది పొద్దునా సాయంత్రం తప్పకుండా. ఆ రెండోది పది రోజులకే మానేశాను. పీల్చినా ఏమీ తెలియలేదు, పైగా అందులో స్టెరాయిడ్ ఉందట. "పంపు మొదలెడితే ఇక కాటికెళ్లేదాకా వదలదు" అని మా అమ్మ ఒకటే పోరు. నీలంది మాత్రం మూడు వారాలకో డబ్బా అయిపోతోంది. టిక్కీల నిట్టు వెనక్కెళ్లి పీల్చుకుని వస్తాను. మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికి పొక్కితే "వాళ్లింట్లో ఉబ్బసం ఉంది" అంటారని భయం.

ఇంకొక సంగతి. మే నెలలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు హాయిగా నిద్రపోయాను. తెరిచిన వారానికి మళ్లీ మొదలు.

వచ్చే మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేపమందు మింగమంటోంది అమ్మ. పనిచేస్తుందా? పంపు నిజంగా అలవాటైపోతుందా? సంక్రాంతి దాటితే కొత్త పంట దిగుతుంది. పని మానెయ్యాల్సిందేనా? నాకు వేరే పని రాదు.

కొరమీను (నల్లగొండ):

అన్నా, చేపమందు సంగతి నన్నడుగు. మూడేండ్లు వరసగా పోయిన. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల రాత్రి నుంచే లైను. బతికున్న కొరమీను పిల్ల నోట్లె పసుపు పచ్చ ముద్ద పెట్టి, మన నోట్లె ఏసి గొంతులకు తోస్తరు. అది లోపలికి పొయ్యేటప్పుడు తోక కొట్టుకునుడు తెలుస్తది. పైసలు తీసుకోరు, చేపకే మనం పెట్టుకోవాలె. తర్వాత 45 దినాలు పథ్యం.

మొదటి ఏడు తగ్గినట్టే అనిపించింది. నాలుగో ఏడు వరికోత మిషను దుమ్ముకు మల్ల పట్టుకుంది, అంతకు ముందటి లెక్కనే. పోవద్దని నేననను, పెద్దల మాట. కానీ మందు మింగినంక పంపు ఎందుకని బంద్ పెట్టి, అయిదో దినం దవాఖానల ఆక్సిజన్ మీద పడ్డ. ఆ పని మాత్రం చెయ్యకు.

ఖమ్మం టీచరమ్మ:

బాబూ, నేను 26 ఏళ్ల నుంచి పంపు వాడుతున్నాను. సుద్దముక్క పొడిలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను.

నా పెళ్లికి మా వాళ్లు ఈ జబ్బు దాచారు. పీటల మీద హోమం పొగకి ఆయాసం ముంచుకొచ్చింది. చెప్పలేను, లేవలేను. మా ఆయనకి మూడు ముళ్లు వేసిన పావుగంటకే విషయం తెలిసిపోయింది! ఆ మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. మీ అమ్మాయి విషయంలో ముందే చెప్పేయండి. తండ్రి ఆయాసం చూసి వద్దనేవాళ్లు ఎలాగూ మనకి అక్కర్లేదు.

ఇక పంపు. చాలామంది నోట్లో కొట్టుకుంటారు, మందంతా నాలుక మీదే పడుతుంది. స్పేసర్ అని ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, కొనుక్కోండి. పంపు బాగా ఊపి, గొట్టంలోకి ఒక్కసారి కొట్టి, నిదానంగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ పంపయితే తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నోట్లో తెల్ల పూత, గొంతు బొంగురు. నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, పాఠం చెప్పబోతే పిల్లలు నవ్వేవాళ్లు.

ఊపిరి లెక్క (విశాఖ):

నేను డాక్టర్ని కాను. పేషంట్ల చేత ఆ గొట్టంలో ఊదించేది నాలాంటి టెక్నీషియన్లే. గుమాస్తా గారూ, మీరు లెక్కల మనిషి, లెక్కే చెప్తాను.

నీలం డబ్బాలో 200 మోతాదులుంటాయి. 21 రోజుల్లో ఖాళీ అంటే రోజుకి తొమ్మిదిన్నర. ఏడాదికి 17 డబ్బాలు. మూడు దాటితేనే ఆస్తమా అదుపులో లేదని, పెద్ద అటాక్ వచ్చే ముప్పు ఎక్కువని అర్థం. పన్నెండు దాటితే ప్రాణం మీదికి రావచ్చు. అలవాటు గురించి భయపడాలంటే ఈ నీలందాన్ని చూసి భయపడండి. అది బిగుసుకున్న ఊపిరి గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుందంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గించేది మీరు మానేసిన రెండోది. వెంటనే తెలియదు, వారాలు పడుతుంది.

స్టెరాయిడ్ అంటున్నారు. పంపులో ఒక పీల్పుకి 200 మైక్రోగ్రాములు అనుకోండి. అటాక్ వచ్చినప్పుడు ఇచ్చే మాత్రలు రోజుకి 40 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి, అంటే ఒక పీల్పులో ఉన్నదానికి 200 రెట్లు. పంపు మానేసేవాళ్లే చివరికి ఆ మాత్రల దగ్గరికొస్తారు.

మే నెల సంగతి చివర్లో రాశారు గానీ, డాక్టరుకి ముందు చెప్పాల్సింది అదే. పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత జోరుగా ఊదగలరో కొలిచేది, అంకె ఎక్కువైతే మంచిది) కొని రోజుకి నాలుగుసార్లు ఊది రాయండి, పని ఉన్న రోజూ లేని రోజూ, నాలుగు వారాలు. మందులు రోజూ ఒకేలా వాడాలి. మీకు పడనిది మిర్చి దుమ్మో, తడిసిన కాయకి పట్టిన బూజో గానీ, కారణం ఆ పనే అని తేలితే ఎంత తొందరగా పక్కకి జరిగితే అంత మంచిది. రుమాలు చాలదు, ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది.

మాట పూర్తి చెయ్యలేకపోతున్నా, పెదాలు నీలమైనా, పంపు కొట్టాక నాలుగు గంటలైనా నిలవకపోయినా ఇక్కడ పోస్టు పెట్టకండి. ఆసుపత్రికి వెళ్లండి.

గుంటూరు గుమాస్తా (ఆరు వారాల తర్వాత):

ఆలస్యానికి క్షమించాలి. మీటర్ కొన్నాను. పాత కాటా చీటీల వెనక రాసుకున్నాను. సోమవారం పొద్దున 380, శుక్రవారం సాయంత్రానికి 270. శని, ఆదివారాలు యార్డు సెలవు, మళ్లీ 370 దాకా ఎక్కుతోంది. ఆ చీటీలు చూసి డాక్టరు "ఇంత శుభ్రంగా ఎవరూ రాసుకురారు" అన్నారు. మరి 17 ఏళ్లు రాసిన చెయ్యి కదా.

షావుకారుతో చెప్పేశాను. లెక్కల గదిలో కూర్చోమన్నారు, కాటా దగ్గరికి ఒక కుర్రాణ్ణి పెట్టారు. కాటా దగ్గర వచ్చే పైడబ్బులు పోయాయి, నెలకి మూడు వేలు తరుగు. మా ఇంటావిడ ఇంకా లెక్కలు వేస్తూనే ఉంది. గది తలుపు తీసినప్పుడల్లా ఘాటు వస్తూనే ఉంది కాబట్టి పూర్తిగా బాగుపడ్డానని చెప్పను. నీలంది మాత్రం వారానికి రెండు మూడుసార్లకి దిగింది. జూన్‌కి రైలు టికెట్లు చేయించమని అమ్మ నిన్న కూడా అడిగింది. చేయిస్తాను, పంపు కూడా జేబులో పెట్టుకునే వెళ్తాను.

ఒక చిన్న సందేహం. స్పేసర్ కడిగి లోపల గుడ్డతో తుడుస్తుంటే మందుల షాపతను వద్దన్నాడు. ఎందుకు?

ఊపిరి లెక్క (విశాఖ):

తుడిస్తే ప్లాస్టిక్‌కి రాపిడి కరెంటు పడుతుంది, మందు గోడలకే అంటుకుపోతుంది. గిన్నెలు తోమే సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి, అలాగే ఆరబెట్టండి.